మూడు అతుకులు కలిసే చోట

జూన్ 9, సోమవారం

డాక్టర్ అనుపమ ఈ కాలేజీలో మళ్లీ కత్తి పట్టకూడదు. అది జరిగేదాకా ఈ పుస్తకంలో రాస్తాను. జరిగిన రోజున ఆపేస్తాను.

ఈ రోజు అక్కను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం. మూడు వారాల కింద తన కాళ్ల మీద తాను నడిచి లోపలికి పోయిన మనిషి. నేనూ నా భార్య జయంతీ చెరొక రెక్కా పట్టుకుని ఆటోలోంచి దించాల్సి వచ్చింది. కుడికాలు ఆమె మాట వినదు, తాగినవాడి కాలులా ఎటో పడుతుంది. కుడిచేత్తో గ్లాసు పట్టుకుంటే నీళ్లన్నీ రవిక మీదే. ఇంత చేసీ ఆ దవడ నొప్పి పోయిందా అంటే అదీ లేదు. ఫ్యాను వేస్తే ఉలిక్కిపడింది.

మాట ముద్దగా వస్తుందని డాక్టర్లు అన్నారు. ముద్దగా కూడా రావడం లేదు. వచ్చినప్పటి నుంచీ గోడవైపే చూస్తోంది.

జూన్ 10

ఫిర్యాదు చిత్తుప్రతి. రేపు తప్పులు దిద్ది ఇస్తాను.

'అయ్యా, నా పేరు తిప్పేష్. మన కాలేజీ అనాటమీ విభాగంలో ఇరవై నాలుగేళ్లుగా టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. ఎముకల గది నా అధీనంలో ఉంది. మా అక్క మారెక్కకు యాభై ఎనిమిదేళ్లు. ముదిగుబ్బ దగ్గర మా ఊళ్లో గొర్రెలు మేపుకుని బతుకుతుంది. అమ్మానాన్నలు పోయాక నన్ను సాకి చదివించింది ఆమే. మూడేళ్లుగా ఆమెకు కుడి దవడలో కరెంటు షాకు కొట్టినట్టు నొప్పి. గాలి తగిలినా, ముద్ద నమిలినా, మాట్లాడినా వస్తుంది. మెదడు అడుగున ముఖపు నరాన్ని ఒక రక్తనాళం ఒరుసుకుంటోందనీ, చెవి వెనక పుర్రెకు చిన్న రంధ్రం చేసి రెండింటినీ విడదీస్తే నొప్పి పోతుందనీ డాక్టర్ అనుపమ చెప్పారు. మే 20న ఆపరేషన్ మొదలుపెట్టారు. వేయాల్సిన చోట రంధ్రం వేయలేదు. పుర్రె లోపలి గోడను ఆనుకుని పారే పెద్ద సిర మీద వేశారు. సిర తెగింది. రక్తం ఆపేసరికే మూడు గంటలయింది. చిన్నమెదడు వాచింది. అసలు పని చేయకుండానే కుట్లు వేసి పంపారు. ఇది నిర్లక్ష్యం కాక మరేమిటి?'

చివరి వాక్యం బాగుంది.

వాళ్లకు అర్థమయ్యేలా ఇది కూడా రాయాలి. చెవి వెనక మూడు ఎముకలు మూడు అతుకులతో కలిసే చోటు ఒకటుంది. ఆస్టీరియన్ అంటారు. లోపలుండే సిర బయటికి కనపడదు కాబట్టి సర్జన్లకు ఆ చోటే గుర్తు. దాని కింద వేలు వెడల్పు వదిలితే సిర ఉండదు. ఇరవై నాలుగేళ్లు పుర్రెలు తుడిచిన చేతులివి, నాకు తెలుసు. అక్కడ వేసి ఉంటే సిర తెగదు. తెగిందంటే అక్కడ వేయలేదు. అంతే.

మే 19న అనుపమ ఎముకల గదికి వచ్చింది. పుర్రెలు చూసుకుంది, పోయింది. ఫిర్యాదులో అది అక్కర్లేదు.

జూన్ 16

సూపరింటెండెంట్ పిలిచాడు. "ఆమె ఆ గుర్తు చూసుకునే వేసినానంటాంది. నువ్వు కాదంటాండావు. రుజువేదప్పా?" అన్నాడు.

రుజువు కావాలా! నా గదిలో నూటా పద్దెనిమిది రుజువులు బీరువాల్లో ఉన్నాయి.

జయరాం సార్ దగ్గరికి పోయాను. ఆయన మా విభాగం హెడ్. గుర్తు కింద వేలు వెడల్పు దూరంలో ప్రతి పుర్రెకూ సన్నటి డ్రిల్లు బిట్టుతో రంధ్రం వేసి, లోపల సిర పారిన చోట ఎముకలో పడిన గాడి ఎక్కడుందో కొలుస్తానన్నాను. కుడిపక్క మాత్రమే. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇన్నేండ్లలో నువ్వు అడిగిన మొదటి పని ఇది, తిప్పేషూ. చెయ్యి. పరిశోధనకు పనికొస్తాది" అన్నాడు. పాపం, సార్‌కు సంతోషం. ఎందుకు కొలుస్తున్నానో చెప్పలేదు.

నూటికి నూరు పుర్రెల్లో గాడి పైనే ఉందని తేలితే ఆమె ఏమంటుంది? నోరు మూసుకోవాల్సిందే.

జూన్ 19

పద్నాలుగు అయ్యాయి. పద్నాలుగూ సరిగ్గా ఉన్నాయి. బిట్టు లోపలికి దిగి, గాడికి కింద, చదునైన ఎముకలో తేలుతుంది. ప్రతిసారీ అనుపమ ముఖం గుర్తు తెచ్చుకుంటాను.

జూన్ 24

నలభై అయ్యాయి.

23వ నంబరుకు రంధ్రం వేశాక పక్కన పెట్టాను. ముసలి పుర్రె, అతుకులు కరిగిపోయి గుర్తే సరిగా కనపడదు. 31వ నంబరులో రంధ్రం గాడిలోకి దిగింది. ఆ పుర్రె ఎక్కడిదో రిజిస్టరులో ఊరు రాసి లేదు. మన ప్రాంతం మనిషిది కాకపోవచ్చు. అది కూడా పక్కన పెట్టాను.

మిగతావాటికీ ఊరు రాసి లేదు. అది వేరే సంగతి.

జూన్ 27

జయంతి ఇవాళ గొడవ పెట్టుకుంది. "ఇంట్లో మనిషికి అన్నం కలిపి పెట్టే తీరిక లేదు గానీ ఆడ సచ్చినోళ్ల తలకాయలకు తూట్లు పొడుస్తాండావా?" అంది.

ఇది అక్క కోసమేనన్నాను.

"వదిన అడిగిందా?" అంది.

అక్క ఏదైనా అడిగితేగా. మాట్లాడితే నొప్పి వస్తుంది, అందుకే మాట్లాడదు. నేను ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే పెదవులు బిగుసుకుంటాయి. అదీ నొప్పి వల్లే. జయంతి పెడితే తింటుంది. ఆడవాళ్ల చెయ్యి మెత్తన.

జూన్ 30

58, 64. పక్కన.

జూలై 3

77 పక్కన పెట్టాను. కారణం తర్వాత రాస్తాను.

ఈ మధ్యాహ్నం క్యాంటీన్ దగ్గర అనుపమ ఎదురైంది. నన్ను చూసి ఆగింది. "అక్క ఎట్లుండారు తిప్పేషన్నా?" అని అడిగింది. నా నోటికి ఎంత వచ్చిందో! ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసుకునే వాళ్ల కూతురు. ఆ ఇంట్లో ఎవరి తలకైనా ఇట్లా రంధ్రం వేస్తే ఊరుకుంటారా? కానీ ఆమెను చూస్తూ నిలబడ్డాను. ఆమే తల దించుకుని పోయింది. తల దించుకుంది! తప్పు చేసినవాళ్లే దించుకుంటారు.

జూలై 8

అయిపోయింది. పట్టిక తయారు.

కొలిచిన పుర్రెలు: 109. గుర్తు కింద వేలు వెడల్పులో సిర గాడి లేనివి: 109. నూటికి నూరు.

ఈ వారం ఇంకో నాలుగు పక్కన చేరాయి. మిగతా తొమ్మిదీ అట్టపెట్టెలో పెట్టి పై అరలోకి ఎక్కించాను. పాతవి, చెదలు తిన్నవి, ఊరు తెలియనివి. లెక్కకు పనికిరావు.

ఫిర్యాదుకు జతచేసి సూపరింటెండెంట్ చేతికి ఇచ్చాను.

జూలై 11

గెలిచాను. సగం గెలిచాను.

విచారణ పూర్తయ్యేవరకు డాక్టర్ అనుపమ ఆపరేషన్లు చేయకూడదని ఆర్డరు. ఓపీ గది తలుపు మీద ఆమె పేరు పక్కన తెల్లకాగితం అంటించారు. మూడుసార్లు ఆ దారిన పోయి మూడుసార్లు చదివాను. ఒక ముసలాయన రిపోర్టుల కవరు పట్టుకుని ఆ కాగితం ముందు నిలబడి, చదువు రాక, "ఈ మేడం ఎప్పుడొస్తాదన్నా?" అని నన్నే అడిగాడు. ఇంక రాదని చెప్పాను. ఆ మాట చెప్పడానికి నాకు ఎంత హాయిగా ఉందంటే, ఆయన వెనక్కి తిరిగి బస్టాపు దాకా పోయేంతవరకూ చూస్తూ నిలబడ్డాను.

ఇంటికొచ్చి అక్క మంచం దగ్గర కూర్చుని చెప్పాను. "అక్కా, ఆయమ్మ చేతిలో కత్తి లాగేసినాం. ఇంక ఎవురి తలా ముట్టుకోదు" అన్నాను.

అక్క నన్ను చూసింది. ఇన్నాళ్లకు సూటిగా చూసింది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. నొప్పి వచ్చినట్టుంది.

జూలై 16

అక్క ఈ రోజూ మాట్లాడలేదు.

జూలై 21, సోమవారం

విచారణ. పొడుగాటి బల్ల. సూపరింటెండెంట్, ఇంకో ఇద్దరు డాక్టర్లు, ఎముకల విషయం చెప్పడానికి జయరాం సార్. ఒక కొసన నేను, ఎదురు కొసన ఆమె. బూడిదరంగు చీర. నెల రోజుల్లో చిక్కిపోయింది. బాగా అయింది.

"సిరలు కనపడే స్కాను తీయకుండా ఎందుకు మొదలుపెట్టినావమ్మా?" అని సూపరింటెండెంట్ అడిగాడు.

"ఆమె నాలుగు రోజులుగా ముద్ద మింగలేదు సార్. స్కానుకు పది రోజులు ఆగాల్సి వచ్చేది. ఆపరేషనప్పుడు తెర మీద దారి చూపించే మిషను కూడా రిపేరులో ఉండె. ఆగాల్సింది. ఆగలేదు."

"రంధ్రం చోటు ఎట్లా ఎంచుకున్నావు?"

"చర్మం తీసినాక మూడు అతుకులు కలిసే చోటు బాగా కనపడింది. దాని కింద వేలు వెడల్పులో వేసినాను."

"ఇంకా కింద మొదలుపెట్టి పైకి రావాలని కదా చదువుకునింది?"

"అవును సార్. ముందు నేనూ అట్లే అనుకున్నాను. తర్వాత మార్చుకున్నాను."

"ఎవరైనా చెప్పినారా?"

ఆమె తలెత్తి నన్ను చూసింది. నేను బల్ల మీది పట్టిక వైపు చూపు తిప్పుకున్నాను.

"నిర్ణయం నాది సార్" అంది.

అప్పుడు సూపరింటెండెంట్ నా పట్టిక ముందుకు తోశాడు. నువ్వు చెప్పిన చోటే వేసి ఉంటే నూటాతొమ్మిదిట్లో ఒక్కదాంట్లో కూడా సిర తగలదంట, మరి దీనికేమంటావు అన్నాడు. ఆమె దాన్ని నిదానంగా, వేలు పెట్టి వరసగా చదివింది. చదివి నన్నే అడిగింది.

"గదిలో నూటా పద్దెనిమిది ఉండాయి కదా తిప్పేషన్నా? మీరే చెప్పినారు."

"తొమ్మిది పాడైపోయినాయి మేడం" అన్నాను.

జయరాం సార్ నావైపు చూశాడు.

ఆమె నా సంగతి ఎందుకు చెప్పలేదు? కోర్టు కోసం దాచుకుంటోంది. అంతే అయి ఉంటుంది. పెద్దింటి వాళ్లకు లాయర్లు ఉంటారు.

అదే రోజు, మళ్లీ

విచారణ అయ్యాక కాలేజీలో కూర్చోబుద్ధి కాలేదు. మూడు గంటలకే ఇంటికి వచ్చాను. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఎవరో మాట్లాడుతున్నారు. నాలుక మందంగా, ఒక్కో మాటా ఈడ్చి ఈడ్చి.

అక్క.

"వాడు ఈ పొద్దు పంచాయితీకి పోయినాడా?"

"పోయినాడు వదినా" అని జయంతి.

"చెప్పింటాడంటావా?"

"ఏమి చెప్పాల?"

"ఆపరేషను ముందురోజు నా మంచం కాడికి వచ్చి ఎట్ల ఎగిరినాడో నువ్వు చూల్యా? 'అక్కా, యాడ రంధ్రం ఎయ్యాల్నో డాక్టరమ్మకు నేనే చూపించినా. నేను చెప్పినాంకనే ఆయమ్మకు తెలిసె' అని. నా చెవెనక వేలు పెట్టి నొక్కి మరీ చూపించె. నాకు ఆ వేలు ఇంగా ఈడనే ఉన్నట్లుండాది. ఇప్పుడు పోయి ఆ బిడ్డ మీద కాయితాలు రాస్తాండాడు. వాని చేతి ముద్ద తింటే నాకు అరగదు."

నేను తలుపు తోశాను. అక్క నోరు మూసుకుంది. జయంతి లేచి నిలబడింది.

"ఎన్ని దినాల్నుంచి మాట్లాడతాండాది?" అని అడిగాను.

"ఇంటికొచ్చిన మూడో దినం నుంచి" అంది జయంతి. "నీతోనే మాట్లాడదు."

జూలై 22

సెలవు పెట్టాను. ఒంట్లో బాగా లేదు.

జూలై 25, శుక్రవారం

మే 19 సంగతి రాస్తాను. నా పుస్తకమే కదా, ఎవరు చూస్తారు.

పదకొండు గంటలప్పుడు ఆమె ఎముకల గదికి వచ్చింది. రేపు మీ అక్క ఆపరేషన్ కదా తిప్పేషన్నా, ఒకసారి పుర్రెలు చూసుకుంటాను అంది. నేనే బీరువా తీసి ఇచ్చాను. ఒకదాన్ని చేతిలో తిప్పుతూ, గుర్తు కింద రెండు వేళ్లు పెట్టి, ఇక్కడ మొదలుపెట్టి పైకి వస్తాను, రంధ్రం కొంచెం పెద్దదవుతుంది, కానీ భయముండదు అంది. తర్వాత తలెత్తి నన్ను అడిగింది. "మీరు ఇన్ని చూసినారు కదన్నా, మీరేమంటారు?"

ఇరవై నాలుగేళ్లలో ఆ గదిలో నన్ను ఎవరైనా అడిగిన ప్రశ్న తాళం ఎక్కడ అని మాత్రమే. ఎముకలను బోన్లు అనే స్టూడెంట్లు నన్ను బోన్లన్నా అని పిలుస్తారు. డాక్టర్లు పేరు పెట్టి కూడా పిలవరు. ఒక సర్జను పుర్రె పట్టుకుని నన్ను మీరేమంటారని అడిగింది.

నా వేలు పెట్టాను. "అంత కిందికి ఎందుకు మేడం? వేలు చాలు. మన సీమ పుర్రెల్లో సిర ఈ గుర్తుకు పైనే పోతాది" అన్నాను.

"ప్రతిదాంట్లోనూనా?"

"ప్రతిదాంట్లోనూ. నూటా పద్దెనిమిదీ చూసినా."

చూడలేదు. ఆ గాడుల్లో దుమ్మును ఏటా బ్రష్షుతో తుడిచాను. బయట గుర్తు ఎక్కడుందో, లోపల గాడి ఎక్కడుందో ఒక్కసారి కూడా పోల్చి చూడలేదు.

స్కాను కోసం పది రోజులు ఆగుదామా అని ఆమె అడిగింది. మా అక్క పది రోజులు ఉండదు మేడం, రేపే చేసేయండి అన్నది కూడా నేనే.

ఆమె రెండో వేలు తీసేసింది. నా కళ్ల ముందే తీసేసింది.

జూలై 26

అయినా డాక్టరు ఆమె. నేను కాదు కదా. నేను చెప్పినంత మాత్రాన చేసేయడమేనా? చదువు ఏమైంది?

జూలై 28

పొద్దున అట్టపెట్టె దించి జయరాం సార్ బల్ల మీద పెట్టాను. ఒక్కోటీ బయటికి తీశాను. తొమ్మిదిట్లోనూ నేను వేసిన సన్నరంధ్రం లోపల గాడి మధ్యలో నల్లటి చుక్కలా కనపడుతోంది.

సార్ ఒకదాన్ని తీసి వెలుతురుకు పట్టి చూశాడు. "పాడైపోయినాయంటివే?" అన్నాడు.

"లేదు సార్. బాగుండాయి. నాకు పనికిరాలేదు."

మే 19న ఏం జరిగిందో చెప్పాను. ఆయన అరిచాడు. ఇన్నేళ్లలో ఆయన అరవడం ఇదే మొదలు. "రెండు నెలలు ఒక మనిషి బతుకును తొక్కి పెట్టి, నా పర్మిషనుతోనే రుజువులు వండినావా!" అన్నాడు. తర్వాత తెల్లకాగితాలు ముందుకు తోసి, "రాయి. ఇప్పుడే రాయి. బయటికి పోతే నీ మనసు మల్లా మారుతాది" అన్నాడు.

రాశాను. నూటా పద్దెనిమిదిట్లో తొమ్మిది.

ఆగస్టు 1

అట్టపెట్టె పట్టుకుని అనుపమ గదికి పోయాను. ఆపరేషన్లు లేవు కాబట్టి ఫైళ్లు ముందేసుకుని కూర్చుని ఉంది. కూర్చోమనలేదు.

"నా పేరు ఎందుకు చెప్పలేదు మేడం?"

"మీ మీద దయతో అనుకున్నారా?" అంది. "ఏమని చెప్పాల? ఇంత చదివిన సర్జన్ని, బోన్ల గదిలో అన్న చెప్పినాడని రంధ్రం వేసినాను అని చెప్పాలా? ఆ మాట నా నోట్లో నుంచి వస్తే మళ్లీ ఏ థియేటర్లో నిలబడతాను నేను? చెప్పింది మీరు. నమ్మింది నేను. నమ్మడం నా తప్పు. అది నేను మోస్తాను. అంతమాత్రాన మిమ్మల్ని క్షమించినాననుకోవద్దు. పట్టికలో తొమ్మిది పుర్రెలు దాచినారే, అది మీరు తెలిసి చేసినారు. కండ్లు మూసుకుంటే మీ వేలే కనపడతాది నాకు."

నేను పెట్టె తెరిచాను. ఆమె తొమ్మిదింటినీ బల్ల మీద వరసగా పేర్చుకుంది. స్కేలు తీసి, గుర్తు కింద రెండు వేళ్ల దూరంలో పెన్సిలుతో చుక్క పెట్టి, లోపలివైపు తిప్పి, గాడి ఎంత దూరంలో ఉందో చూసింది. ఒకటి. రెండు. మూడు. తొమ్మిదోది చూసి కింద పెట్టింది.

"రెండు వేళ్లు వదిలింటే ఈ తొమ్మిదిట్లో దేంట్లోనూ సిర తగిలేది కాదు" అంది. నాకు బాగా వినపడాలని, ఒక్కో మాటా విడిచి విడిచి అంది. "తెలిసిందా తిప్పేషన్నా? నేను ముందు అనుకున్నట్టే చేసింటే మీ అక్క ఇప్పుడు గొర్రెల వెంట ఉండేది."

నేను ఆమె కోసం రెండు నెలలు నూరిన కత్తి ఆ ఒక్క మాటంత లోతుకు దిగి ఉండేది కాదు.

ఆగస్టు 14

ఆర్డర్లు వచ్చాయి. డాక్టర్ అనుపమకు హెచ్చరిక. సిరల స్కాను లేకుండా ఇకమీద ఇలాంటి ఆపరేషన్ ముట్టుకోకూడదు. సోమవారం నుంచి థియేటరుకు పోవచ్చు. తలుపు మీద కాగితం తీసేశారు.

నాకు మూడు నెలలు సస్పెన్షన్. తాళాలు జయరాం సార్ చేతికి ఇచ్చాను. ఆయన తీసుకుని సొరుగులో వేసుకున్నాడు. నా ముఖం చూడలేదు.

ఆగస్టు 15

అక్కకు చెప్పాను. మంచం పక్కన నేల మీద కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా. ఆ రెండు వేళ్ల సంగతి కూడా. అది చెప్పకుండా ఉండొచ్చు. చెప్పాను.

అక్క అంతా విన్నది. విన్నాక, వంటింట్లో ఉన్న జయంతిని పిలిచింది.

"జయంతీ, వానికి చెప్పు. నేను ఆపరేషను మల్లా చేయించుకుంటా. ఈ నొప్పితో నేను సావను."

"ఎవరితో వదినా? బెంగుళూరు పోదామా?"

"ఎందుకు? ఆ డాక్టరు పాపతోనే. ఒకసారి కాలు జారినోడు రెండోసారి చూసుకొని నడుస్తాడు. స్కాను తీసినాంకనే చెయ్యమను. ఇంగొకటి చెప్పు వానికి. వాడు ఆసుపత్రి గడప తొక్కకూడదు. ఎవురికీ ఏమీ చూపించకూడదు. ఊరికి పోయి నా గొర్లు మేపమను. పక్కింటి ఈరప్పకు అప్పజెప్పి మూడు నెలలాయ, ఎన్ని మిగిలిచ్చినాడో ఏమో."

నేను రెండడుగుల దూరంలో కూర్చుని ఉన్నాను. జయంతి నావైపు తిరిగి, ఏడుపో నవ్వో తెలియని ముఖంతో, "ఇన్నావు కదా?" అంది.

సెప్టెంబరు 2

ఊళ్లో ఉన్నాను. ముప్పై ఎనిమిది గొర్రెలు. ముప్పై ఏళ్లయింది గొర్రెల వెంట నడిచి. మొదటి వారం కాళ్లు బొబ్బలెక్కాయి. గుట్ట మీద గాలిమరలు తిరుగుతుంటాయి, వాటి కింద నిలబడితే చెవులు దిబ్బళ్లు పడే గాలి. ఈ గాలిలో మూడేళ్లు ఆ దవడతో తిరిగింది అక్క. కొంగు ముఖానికి బిగించి కట్టుకుని తిరిగేదని ఈరప్ప చెప్పాడు.

"మీ అక్కకు చానా రోషమప్పా" అన్నాడు. "నీ మింద కోపమొచ్చిందంటే సచ్చేదాకా పోదు."

తెలుసన్నాను.

సెప్టెంబరు 9

స్కాను తీశారని జయంతి ఫోను చేసింది. అక్కకు కుడిపక్క సిర మామూలు కంటే బాగా కిందికి దిగి ఉందట. ఆ బొమ్మ మీద అనుపమ స్కేలు పెట్టి రెండుసార్లు కొలిచిందట. దారి చూపించే మిషను బాగైందట. రంధ్రం ఎక్కడ వేయాలో ముందే గీసుకుందట.

ఎక్కడ గీసుకుందని నేను అడగలేదు.

సెప్టెంబరు 17, బుధవారం

ఎనిమిదింటికి థియేటరులోకి తీసుకుపోయారని జయంతి చెప్పింది. గొర్రెలను గుట్టకు తోలాను. గుట్ట వెనకవైపు సిగ్నలు ఉండదు, అందుకని ఇటువైపే తిప్పాను. ఇటు మేత లేదు. అవి అటే లాగుతున్నాయి. కర్రతో అదిలిస్తూ, ఫోను చూసుకుంటూ పదకొండయింది. పన్నెండయింది. దేవుడికి మొక్కుకుందామనుకుంటే ఏమని మొక్కాలో తెలియలేదు. ఆమె చెయ్యి జారకూడదని మొక్కాను. రెండు నెలల కింద ఆ చెయ్యి విరగాలని మొక్కుకున్నది కూడా నేనే.

ఒంటిగంటన్నరకు జయంతి ఫోను. మాట రాక ముందు ఏడ్చింది.

"అయిపోయిందప్పా. బాగా అయింది. రంధ్రం ఏసిన కాడ ఒక్క చుక్క కూడా ఎక్కువ రక్తం పోలేదంట. నరాన్నీ నాళాన్నీ విడదీసినారంట."

గొర్రెలను అవి లాగుతున్న వైపుకే, మేత ఉన్న గుట్ట వెనక్కి తోలాను.

సెప్టెంబరు 20, శనివారం

సాయంత్రం గొర్రెలను దొడ్డికి తోలేవేళకు ఫోను మోగింది. జయంతి అనుకుని, ఏమే అన్నాను.

ఊపిరి వినపడింది. తర్వాత ఈడ్చి ఈడ్చి వచ్చే మాట.

"గాలికి కిటికీ తీపిచ్చినా. నొప్పి రాల్యా."

"అక్కా" అన్నాను.

"నీకు కాదు చెప్తాండేది. నాకు నేనే అనుకుంటాండా." అంది. "గొర్లు ఎన్నుండాయి?"

ముప్పై ఎనిమిది అని నోటిదాకా వచ్చింది. ఆగమన్నాను. దొడ్డి వాకిలి దగ్గర నిలబడి, ఒక్కొక్కదాన్నీ చేత్తో తాకి లోపలికి పంపుతూ లెక్కపెట్టాను. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. అక్క ఫోను పెట్టకుండా అట్లాగే ఉంది.

"ముప్పై ఏడే అక్కా. ఒక పిల్ల తగ్గింది."

"ఏ పిల్ల?"

"చెవి మీద మచ్చ ఉన్నది."

"పనికిమాలినోడా! అది కుంటిది, యాడన్నా ముళ్లల్లో ఇరుక్కోనింటాది. వంక గట్టు పక్క చూడు. చీకటి పడేలోపల పో. ఫోను పెట్టు, పో" అంది.

టార్చి తీసుకున్నాను. వంక వైపు బయలుదేరాను.